కిటికీలోంచి ఇచ్చిన సంచి

మంగళవారం

ఈ పూట అన్నం అలాగే మూతపెట్టి ఇది రాస్తున్నాను.

డ్యూటీ దిగి వచ్చేసరికి మదనపల్లె బస్టాండులో పుంగనూరు బస్సుకు ఒకటే తోపులాట. రోజూ చేసినట్టే కిటికీలోంచి సంచి లోపలికిచ్చి, "సీటు పట్టప్పా" అన్నాను. అందుకున్నది నమాజు టోపీ పెట్టుకున్న ముసలాయన. తన పక్క సీట్లో జాగ్రత్తగా పెట్టాడు.

నేను తోసుకుంటూ మెట్లెక్కేసరికి లోపల గొడవ. కండక్టర్ ఆయన్ని నిలదీస్తున్నాడు.

"ఈ సంచి ఎవురిది?"

"నాది కాదప్పా. ఎవురో ఆయమ్మ కిటికీలో ఇచ్చింది."

"నీది కాకుంటే నీకాడ యాల ఉండాది? బాంబులు పెట్టేది ఇట్లనే అని టీవీలో సూపిస్తాండారు. దిగు ముందు."

నాది అనాలి. మెట్టు మీదే ఆగిపోయాను. అందరూ నావైపు తిరుగుతారని భయం. ఆయన నన్ను ఒరుసుకుంటూ దిగిపోయాక, "సంచి నాదే" అన్నాను.

"నీదేనా అమ్మా, ముందే సెప్పకూడదా" అని కండక్టర్ నవ్వి, రైట్ అన్నాడు. ఆయన్ని ఎవరూ వెనక్కి పిలవలేదు. నేనూ పిలవలేదు. ఆయన పట్టిన సీట్లోనే కూర్చుని ఇంటికొచ్చాను. సంచిలో ఉన్నది ఖాళీ క్యారియరు.

రేపూ అదే బస్సు. సంచి ఇచ్చే ముందు అందుకునేవాళ్ళ మొహం చూస్తాను. టోపీ ఉంటే ఇవ్వను. వాళ్ళ మంచికే అని నాకు నేను చెప్పుకుంటాను.