కొంగరాయి కోట పడమటి గుమ్మం

మార్చి 9

కొత్త టూరిజం డైరెక్టర్ ఖౌ ఈరోజు కోటకి దయచేశాడు. మా సిచువాన్ కొండల్లో పుట్టినవాడే, అయినా నాలుగు వందల మెట్లకి తొమ్మిది చోట్ల కూర్చున్నాడు. పైకొచ్చాక కోటని "ప్రాజెక్టు" అన్నాడు. ఏడు వందల ఏళ్ళ గోడని ముట్టుకుని, చేతికంటిన నాచుని జేబురుమాలుతో తుడుచుకున్నాడు. పంతొమ్మిదేళ్ళుగా ఇక్కడ గైడూ కాపలాదారూ నేనే. ఐదుగురు డైరెక్టర్లని చూశాను. ఇంత శుభ్రమైనవాణ్ణి చూడలేదు.

మార్చి 14

పడమటి గుమ్మం దగ్గర నాచు గీకుతూ మేస్త్రీ షియాన్ మామ నన్ను కేకేశాడు. రాతిమీద అక్షరాలు. ఇద్దరం కూడబలుక్కుని చదివాం. మంగోలులు చుట్టుముట్టిన చివరి ఏడాది కోట దళపతి పాన్ చెక్కించినవి. "తిండి అయిపోయింది. ఎవరినీ చంపబోమని వాళ్ళు ఒట్టు పెడితే తలుపు తెరిచాను. నాలుగు వేలమంది ప్రాణాలతో దిగారు. తప్పు నా ఒక్కడిది."

ఆఖరి మనిషి దాకా పోరాడి చచ్చారని పంతొమ్మిదేళ్ళు మైకులో చిలకలా వల్లించాను. మరి కింది ఊళ్ళో మేమంతా ఎక్కణ్ణించి ఊడిపడ్డామో ఒక్కసారీ నా బుర్రకి తట్టలేదు.

మార్చి 15

ఖౌకి ఫోన్ చేశాను. సంతోషిస్తాడనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. లొంగిపోయినవాడి కోటని టికెట్టు కొని ఎవడు చూస్తాడన్నాడు. వీరుల ఫలకం చెక్కడం కూడా అయిపోయిందట. ఆ రాయి పాడైందని రాసి, సిమెంట్ పూయించి, పైన ఫలకం బిగించాలట. పాడైందన్న కాగితం మీద నా సంతకం కావాలట. నా పెన్షన్‌కి ఇంక రెండేళ్ళే కదా అని తనే గుర్తుచేశాడు.

మార్చి 18

సంతకం పెట్టాను.

మార్చి 20

మామ సిమెంట్ ముట్టనన్నాడు. టౌన్ నుంచి ఎవరో వచ్చి అరగంటలో పూసిపోయారు. మామ నాతో మాట్లాడటం లేదు. మాట్లాడితే నాకు ఆయనంటే చులకనయ్యేది.

ఏప్రిల్ 5, సమాధుల పండుగ

ఫలకం ఆవిష్కరణకి ఊరంతా వచ్చింది. చదవమని నాకు మైకిచ్చారు. మొదటి లైను చదివాను. రెండోది నోట్లోంచి రాలేదు.

"ఇది అబద్ధం. అందరూ చచ్చిపోతే మనమెవరి సంతానం? దళపతి పాన్ తలుపు తీశాడు. ఆ మాట ఈ సిమెంట్ కిందే ఉంది. నా కళ్ళతో చదివి కూడా రాయి పాడైందని సంతకం పెట్టాను," అన్నాను.

ఖౌ మైకు కట్ చేయించాడు. కొండగాలికి ఎదురు అరిచీ అరిచీ రాటుదేలిన గొంతు నాది, మైకెందుకు? మిగతాదీ చెప్పాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. షియాన్ మామ టోపీ తీశాడు. సాయంత్రం నా దగ్గర్నించి కోట తాళాలు లాక్కున్నారు.

ఏప్రిల్ 6

ఎనభై దాటిన ఒకావిడ మా ఇంటికొచ్చి ఆ గుమ్మం చూపించమంది. దానికి తలుపులు ఎప్పుడో పోయాయి, తాళంతో పనిలేదు. తీసుకెళ్ళాను. అగరొత్తులు వెలిగించి, సిమెంట్ మీద జొన్నసారా పోసింది. మీరెవరంటే డైరెక్టర్ ఖౌ వాళ్ళమ్మనంది.

"మా అత్తింటివాళ్ళూ ఇక్కణ్ణించి దిగినవాళ్ళేనమ్మా. మావాడికి మాత్రం చెప్పకు."

చెప్పనన్నాను. సీసాలో మిగిలిన గుక్క నాకిచ్చింది. తాగాను.