నల్లదారం, తెల్లదారం

బురుల్చా అక్కా,

ముందు కూర్చో, తర్వాత చదువు! గుర్రం మీంచి పడ్డాక సూది గుచ్చినా తెలియని నా కాలు నిన్న అడుగు వేసింది. కమ్మీలు పట్టుకునే వేశాననుకో, అయినా అడుగు అడుగే!

"నరాలు ఇప్పుడిప్పుడే కోలుకుంటున్నాయి. ఎంతవరకొస్తాయో చెప్పలేను, ఎగరకు" అని డాక్టరమ్మ కసిరింది. పక్క మంచం సపర్‌బాయ్ తాత మాత్రం, "మీసాల పసివాడు తొలి అడుగేశాడర్రా, మన పసిపిల్లలకు చేసినట్టే కాళ్లకు దారం కట్టి కోయాల్సిందే!" అని వార్డంతా చాటేశాడు.

అందుకని ఆదివారం నల్ల ఉన్ని, తెల్ల ఉన్ని కలిపి పేనిన దారం పట్టుకురా. పిండిముద్దలు నూనెలో వేయించి బుట్టెడు బోర్సోక్‌లు చేసుకురా. ఆ వేడుకలో పిల్లలు పెట్టుకునే పరుగుపందేనికి బదులు వార్డువాళ్లు చక్రాల కుర్చీల్లో పందెం పెట్టుకున్నారు. గెలిచినవాళ్లే దారం కోస్తారు. తాత అప్పుడే చక్రాలకు నూనె పెడుతున్నాడు, దొంగ!

పసిపిల్లలకు కట్టినట్టు వదులుగా కట్టకక్కా. గట్టిగా బిగించు. ఇప్పుడు నాకు తెలుస్తుంది.

నీ తమ్ముడు