బాపు సంచిలో రాళ్లు

కరీంనగర్,
శుక్రవారం

పూజ్యులైన బాపుకు,

నీ పెద్దబిడ్డ రేవతి దండాలు పెట్టి రాస్తున్న ఉత్తరం. నేనిక్కడ బాగానే ఉన్న. నువ్వు, అవ్వ మంచిగున్నరని తలుస్తున్న. మిషన్ల మోతకు పోయిన నీ చెవులకు ఫోన్‌లో నా మాట అందదు. రెండు గంటల బస్సు ఎక్కి రావచ్చు గానీ, నీ ముఖం చూస్తూ ఇది చెప్పలేను.

అవ్వకు మోకాళ్ల నొప్పి తగ్గిందని రాసినవు, సంతోషం. నూనె రాయడం మాత్రం ఆపొద్దని చెప్పు.

"చంద్రుని మీదికి మీరు పంపే గా బండి రాయిని పలగ్గొట్టకుంట లోపలేమున్నదో ఎట్ల చెప్తది?" అని అడిగినవు. లేజరుతో రాయి మీద ఒక మెరుపు కొడుతుంది. ఆ మెరుపు రంగులను బట్టి ఇనుమో, టైటానియమో మా సెన్సారు చెప్తుంది. నువ్వు బొగ్గుబాయిలో పైకప్పును కట్టెతో తట్టి, చప్పుడును బట్టి బండ గట్టిదో కాదో చెప్పేటోనివి కదా, అట్లాంటి పనే. ఇక్కడ పాత గ్రానైటు క్వారీలో చంద్రుని రాళ్లను పోలిన రాళ్లు పరిచి, బండిని నడిపి చూస్తున్నం.

ఇక నీ రెండో ప్రశ్న. "నా సంచి పనికొచ్చిందా బిడ్డా?" మూడు రోజుల నుంచి కలం ఇక్కడే ఆగిపోతున్నది.

ముప్పై ఏండ్లు నువ్వు డ్యూటీకి తీసుకపోయిన ఆ సంచిలోనే రాళ్లు క్వారీకి మోసిన. "ఎంత ఉతికినా నలుపే ఇడుస్తున్నది, జర చూసుకో" అని అవ్వ అన్నది. నేను పట్టించుకోలే. సోమవారం సెన్సారు ప్రతి రాయి మీద కార్బన్ చూపించింది. ఆ రాళ్లలో ఉండకూడనిది. మళ్లీ కొడితే మళ్లీ అదే. సెన్సారు అద్దం తుడిచే పని మంజులది. అద్దం సరిగ్గ తుడవలేదని మా విజయేందర్ సార్ అందరి ముందట ఆమెను తిట్టిండు. అది మన బొగ్గు మసి అని నాకు అప్పుడే అర్థమైంది.

"రాళ్లు దేంట్ల తెచ్చినవ్?" అని సార్ నన్నడిగిండు.

"కొత్త డబ్బాల సార్" అన్న.

సంచి చూపిస్తే ఎవరిదని అడుగుతరు. మా బాపు ఇంజనీరని చేరిన రోజే అందరికీ చెప్పుకున్న బాపూ. మంజులను వచ్చే వారం నుంచి రావద్దన్నరు. ఆమె ఏడుస్తూ సామాను సదురుకుంటుంటే పక్కన నిలబడి సాయం చేసిన. సిగ్గుతో చచ్చిపోతున్న.

యంత్రం ఒక్కసారి కూడా తప్పు చెప్పలే. తప్పు చెప్పింది నేను.

ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి నేరుగా సార్ దగ్గరికే పోతున్న. సంచి చేతిలోనే ఉంది. నా నౌకరి ఉన్నా పోయినా నువ్వు ఫికర్ చెయ్యకు. ఎవరి సంచి అని అడిగితే ఏమనాలో, కింద రాసి చూసుకుంటున్న.

ఇట్లు,
బొగ్గుబాయిలో బొగ్గు నింపిన రాజలింగు బిడ్డ,
రేవతి