ఆర్పబుద్ధి కాని లైటు

నాయనా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. ప్రొద్దుటూరులో మన నాటకం మళ్లీ వేశాం. నువ్వు చేత్తో నడిపిన లైట్లన్నీ ఇప్పుడు కంప్యూటరే చూసుకుంటుంది. రికార్డు చేసిన సంగీతం మొదలవగానే వెలుగుతాయి, ఆగగానే ఆరిపోతాయి. రెండు వారాలు కూర్చుని నేనే అమర్చాను.

నిన్న రిహార్సల్లో, తల్లి వేషం వేసే జమ్మలమడుగు అత్త ఇంకా ఏడుస్తుండగానే సంగీతం అయిపోయి స్టేజీ చీకటైంది.

"ఏందమ్మే ఇది? మీ నాయన నా ఏడుపు అయ్యేదాకా కాచుకోని ఉండేవాడు గదా!" అంది.

అత్త మీద పడే ఆ ఒక్క లైటును కంప్యూటర్లోంచి తీసేశాను. ఈ సాయంత్రం నువ్వు కూర్చునే చోటే కూర్చుని, మీట మీద చేయి పెట్టి, అత్త మొహమే చూశాను. ఆమె ఏడ్చింది. కళ్లు తుడుచుకుంది. లేచి లోపలికి కూడా వెళ్లిపోయింది.

నాకే ఆర్పబుద్ధి కాలేదు, నాయనా.