పోలారావు కాలి నాటకం

1913 ఏప్రిల్ 9

మేనల్లుడు పోలారావు కాలు మళ్ళీ మొరాయించింది. పొద్దున్నే నూతి మీది ఏతం మాను ఎక్కి, అటూ ఇటూ నడిచి తొక్కుతూ ముప్ఫై బానలు తోడి, ముఖం వంకర పెట్టి దిగిపోయాడు. మాఘమాసంలో బారువ రేవులో టేకు చేప తోకలోని విషపు ముల్లు వాడి అరికాల్లో దిగిన మాట నిజమే. కానీ పుండు మాని నెల కావస్తోంది. హాస్పిటల్లో కట్లు కట్టే డ్రెస్సరు చూసి "క్లీన్" అన్నాడు. ఇంగ్లీషు మందు క్లీన్ అన్నాక తెలుగు కాలికి ఇంకా నొప్పేమిటి?

ఒప్పందం ఇక్కడ రాసి ఉంచుతాను, మనుషుల మాటకి నిలకడ లేదు గనక. కవిటి పక్క నా తోటలో మూడొందల కొబ్బరి మొక్కలు. వాన పడేదాకా ఏతం తొక్కి వాటిని బతికిస్తే ప్రతి మూడో మొక్కా పోలారావుది. వాన రాకముందే పని మానేసి మాను దిగిపోతే ఈనె పుల్ల కూడా లేదు.

ఏప్రిల్ 11

మాను మీద వాడి నడక చూస్తే కోతులు సిగ్గుపడతాయి. కుడి పాదం మానును తాకకముందే పిక్క రాయిలా బిగుస్తుంది. వేళ్ళు పైకి లేస్తాయి. ఎడమ భుజం చెవిదాకా వస్తుంది. నొప్పి పాదంలోనట, వంకర భుజంలో! మాను ఊగి, బాన నూతి గోడకి కొట్టుకుని, సగం నీళ్ళతో పైకొస్తోంది. నూతి ఒడ్డున బాన అందుకునే వాడి పెళ్ళాం కాంతం తడిసి ముద్దయింది. "మావా, నీ మేనల్లుడు మొక్కలకి నీళ్ళు పోత్తన్నాడో, నాకు తానం సేయిత్తన్నాడో సూడు" అంది. నేను నవ్వాను. అది నవ్వలేదు.

నాటకం అంటే మా తాతది. సర్వే దొర వచ్చిన నాడు వెట్టి తప్పించుకోడానికి పక్షవాతం తెచ్చుకున్నాడు. దొర టెంటు ఎత్తేసిన నాడు లేచి కూర్చుని చెరుకు నమిలాడు. అందులో పనితనం ఉంది. వీడికి భుజం ఏదో కాలు ఏదో కూడా తెలియదు.

ఏప్రిల్ 14

పట్టేశాను! అన్నం వేళకి కుంటుకుంటూ పాకలోకి వస్తుంటే "ఒరే పోలిగా, ఎనకాల పాము!" అని కేక పెట్టాను. రెండు కాళ్ళూ సమంగా వేసి దౌడు తీశాడు. మా ఇంటిది, పెద్దతల్లి, కళ్ళారా చూసింది. చూసి ఏమంది? "పామొత్తే సచ్చినోడూ పరిగెడతాడు" అంది. ఆడవాళ్ళ ధర్మశాస్త్రం.

శుక్రవారం పెద్దల్ని రమ్మని కబురు పెట్టాను. వంద మొక్కలూ నావే.

ఏప్రిల్ 15

వాడు రాలేదు. పాదం నేలకి ఆనడం లేదట. రెండో అంకం.

ఏప్రిల్ 17, మధ్యాహ్నం

పెద్దల ముందు పెట్టడానికి ఇంకో ప్రూఫు దొరుకుతుందని వాడింటికి వెళ్ళాను. అరుగు మీద ఒళ్ళు తెలియని నిద్ర. కొబ్బరి పీచు పోగు ఒకటి తీసి కుడి అరికాలికి తాకించాను. ఈగ వాలినంత, అంతే. మనిషి లేవలేదు, కాలు లేచింది. తొడదాకా కొయ్యబారి కడుపులోకి ముడుచుకుంది. నిద్రలోనే పళ్ళు కొరికాడు. ఎడమ కాలికి తాకించాను. ఏమీ లేదు. మళ్ళీ కుడి కాలికి. మళ్ళీ అదే. మూడోసారికి నా చెయ్యి ముందుకి పోలేదు.

తలెత్తితే గుమ్మంలో కాంతం. "అయిందా మావా, పరీచ్చ? నెగ్గాడా నీ మేనల్లుడు? దుప్పటి అంచు తగిలినా ఇదే. మూడో మొక్క కోసం ఎక్కుతున్నాడు. ఏదో రోజు నా నెత్తిమీద పడతాడు" అంది.

నిద్రలో ఉన్నవాడు ఎవరిని మెప్పించడానికి నటిస్తాడు? అరవయ్యారేళ్ళ నా తెలివి పీచు పోగుకి సరితూగలేదు. థూ.

ఏప్రిల్ 18

పెద్దలు వచ్చారు, పిలిచిన గాడిదని నేనే గనక. వాళ్ళలో నా బావమరిది గణపతిరావు చుట్ట తీసి, మాను దిగితే మొక్కలు పోయినట్టేనని తీర్పు చెప్పాడు. ఏతం ఆగకూడదన్నాం గానీ ఎవడి కాళ్ళతోనో అనుకున్నామా అన్నాను. మరెవడు తొక్కుతాడన్నాడు. "నేనే" అన్నాను. "బావా, నా తోటలో ఎదురు బొంగులున్నాయి, పాడెకి కొట్టించీమంటావా?" అని మేక దగ్గినట్టు నవ్వాడు. తక్కినవాళ్ళు వాడికి తాళం. నవ్వుతూనే ఒప్పుకున్నారు: వాన దాకా నేను ఏతం ఆపకపోతే వంద మొక్కలూ పోలారావువే.

ఏప్రిల్ 19

పది బానలు. పోలారావు నూతి గట్టు మీద కూర్చుని లెక్కపెడుతూ "మావా, పాదం సదరంగా ఎయ్యి" అన్నాడు. కుంటివాడు నాకు నడక నేర్పుతున్నాడు! కాంతమైతే నీళ్ళకంటే నా తిట్లే మొక్కలకి ఎక్కువ పడుతున్నాయంది.

వాడికి తప్పయిందని చెప్పలేదు. చెప్పను.

మే 2

నలభై బానలు. ఇవాళ్టికి ఇంతే రాత.

మే 20

పోలారావు తడి ఇసకలో పాదం పెట్టి పది లెక్కపెట్టేదాకా తియ్యలేదు. పిక్క బిగిసింది, తరవాత కాస్త వదిలింది. నేను చూడనట్టు నటించాను.

జూన్ 13

వాన. దిగమని అందరూ ఒకటే అరుపులు. ఆ వానలోనే ఇంకో పది బానలు తోడాను, రేపు ఎవడూ మాట తిప్పకుండా. పోలారావు తడుస్తూ లెక్కపెట్టాడు.