అమ్మ కూర్చునేదాకా

అత్తయ్యకు ప్రభువు నామంలో వందనాలు.

నేను ఆడవాళ్ల హక్కుల కరపత్రాలు చదివి చెడిపోయానని, భోజనం ముందు ప్రార్థన మానేశానని నాన్న మీకు ఫోన్ చేసి చెప్పారట. మానలేదు. నాన్న, అన్నయ్య, నేను బల్ల దగ్గర కళ్లు మూసుకుని దేవునికి స్తోత్రం చెల్లిస్తుంటే, వండిన అమ్మ పొయ్యి దగ్గరే నిలబడి ఉంటుంది. ఆమె వచ్చి కూర్చునేదాకా ప్రార్థించను, ముద్ద ముట్టను అన్నాను. “నా గొడవ నీకెందుకురా, తిని చావు” అని అమ్మే తిట్టింది.

నిన్న నాన్న విసుగ్గా లేచి పొయ్యి కట్టేశారు. “రావమ్మా మహాతల్లీ! నీ కొడుకు పస్తులుండి పరలోకానికి పోయేలా ఉన్నాడు” అన్నారు. అమ్మ తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. బల్ల దగ్గర ఆమె ఆమెన్ అనడం నేను వినడం అదే మొదటిసారి. ఇక వెనక్కి తగ్గను.

నాకు బుద్ధి చెప్పడానికి మీరు తప్పక రండి. వస్తూనే వంటింట్లోకి మాత్రం వెళ్లకండి. మాతో పాటు కూర్చోండి.

మీ మేనల్లుడు