షాఫ్టు మీది అంకె

మార్చి 3
ఈ రోజు నుంచి మా ఆఫీసులో డ్రాయింగులు గీసే సాఫ్ట్‌వేర్ మారింది, మెకానికల్ వెర్షన్. పద్దెనిమిదేళ్లు మామూలు క్యాడ్‌లో గీతలు గీసి బతికినవాణ్ణి, ట్రైనర్ పిల్ల ముందు చేతులు కట్టుకు కూర్చున్నాను. ఇందులో గీసింది ఉత్త గీత కాదట. బోల్టుకు తను బోల్టునని తెలుసట. నా మొహం చూసి నవ్వుకుంది. ఒళ్లు మండింది.

మార్చి 9
పాత డ్రాయింగులు రెండొందలు కొత్తదాంట్లోకి మార్చాను. కొలతలన్నీ ఒక్క క్లిక్కుతో రిఫ్రెష్. పంపు షాఫ్టు ప్రింట్ తీసి, సంతకం పెట్టి కింద ఇనుము కోసే లేత్ మెషీన్ దగ్గరికి పంపాను. లేత్ మీద ఉండేది మా బావే, అక్క మొగుడు. నా కాగితంలో ఏముంటే అది కోస్తాడు. మారు అడగడు.

మార్చి 12, ఉదయం 11
బావ కోసిన పన్నెండు షాఫ్టులూ పాడైపోయాయి. ఒక్కటీ బేరింగులో నిలవలేదు. మందం నలభై రెండు మిల్లీమీటర్లు ఉండాలి. నలభై ఉన్నాయి.

11.40
తప్పు నాదే. ఆరేళ్ల కిందట సైజు పెంచినప్పుడు, మళ్లీ గీయడానికి బద్ధకించి, అంకె మీద నొక్కి 42 అని టైపు చేసి ఊరుకున్నాను. గీత 40 దగ్గరే ఉండిపోయింది. ఇన్నాళ్లూ అంకె చూసి కోశారు. మొన్న రిఫ్రెష్ కొట్టగానే సాఫ్ట్‌వేర్ గీతను కొలిచి ఉన్నమాట రాసేసింది.
ఫైలు చూడాలని మేనేజర్ కబురు పెట్టాడు. ఆయన చూసేలోపే మళ్లీ అంకె మీదే నొక్కాను. 42.

మార్చి 13
డ్రాయింగ్ సరిగానే ఉందన్నాడు మేనేజర్. నీ ప్రింట్ ఏదని బావను అడిగితే, ఎక్కడో పోయిందండీ అన్నాడు. బావకు మెమో ఇచ్చారు. కళ్లు మందగించినట్టున్నాయి, లేత్ మీంచి తీసి స్టోర్లో కూర్చోబెడదామంటున్నాడు మేనేజర్. నేను పక్కనే నిలబడి నేల చూశాను.

మార్చి 14
అక్క ఫోన్ చేసింది. బావ అన్నం ముట్టలేదట. ముప్పై ఏళ్ల చెయ్యి ఎలా తప్పిందిరా అని నన్నే అడిగింది.

మార్చి 16
లేత్ దగ్గరికి వెళ్లాను. బావ చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. నేను పంపిన ప్రింటే. నిండా నూనె వేలిముద్రలు. 40.
కోసే ముందు ఆయనకూ అనుమానం వచ్చిందట. కొత్త సాఫ్ట్‌వేర్‌లో గీశాడు, వాడికి తెలియదా అనుకున్నాడట. మరి మేనేజర్‌కి ఎందుకు చూపించలేదని అడిగాను. కింద నీ సంతకం ఉంది కదరా అన్నాడు.
మళ్లీ లేత్ ఆన్ చేసుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

మార్చి 17
షాఫ్టు మొదటినుంచీ గీశాను. అంకె నేను టైపు చేయలేదు. అదే 42 అని రాసుకుంది.
మాట్లాడాలని నేనే అడిగి మేనేజర్ గది బయట కూర్చున్నాను. బావ ఇచ్చిన 40 ప్రింటూ, ఈ కొత్తదీ, రెండు కాగితాలూ ఒళ్లో ఉన్నాయి. మేనేజర్ లోపలికి రమ్మంటున్నాడు.